పారేయలేని రెండు రాజులు

పేకాటలో గెలిచిన ఆటల్లో ఒక్కదాన్ని వెనక్కి ఇచ్చే వీలుంటే, జర్మనీలోని కాట్‌బస్‌లో ఒక ఆదివారం మధ్యాహ్నం గెలిచిన ఆటను ఇచ్చేస్తాను. ఆ ఆటలో నాకు దక్కింది పిడికెడు శనగలు. మరో మనిషికి పోయింది అంతకంటే చాలా పెద్దది. ఇప్పుడు నేను లైప్‌జిగ్‌లో ఉద్యోగం చేసుకుంటూ, బ్లూకార్డు అనే పని అనుమతి జేబులో పెట్టుకుని, పిల్లను కీటాలో, అంటే పసిపిల్లల బడిలో, దింపి వస్తూ హాయిగా ఉన్నాను. అయినా వంటింట్లో శనగల డబ్బా తీసినప్పుడల్లా ఆ ఆటే గుర్తొస్తుంది. మా ఆవిడకు సంగతంతా తెలుసు. "ఎన్నేళ్ళు నములుతారండీ దాన్ని, వదిలేయండి" అంటుంది. వదిలేయడం నాకు చేతనైతే ఆ రోజే వదిలేసేవాణ్ణి.

అప్పుడు నేను మాస్టర్స్ రెండో ఏడు. నలుగురం ఒకే ఫ్లాటులో ఉండేవాళ్ళం. నేను గుంటూరు వాణ్ణి. ఇద్దరు కాకినాడ నుంచి, ఒకే కాలేజీలో చదివి ఒకే విమానంలో వచ్చి ఒకే గదిలో దిగినవాళ్ళు. నాలుగో ఆయనది కరీంనగర్. హైదరాబాద్‌లో నాలుగేళ్ళు ఉద్యోగం చేసి, పెళ్ళి కూడా చేసుకుని, ఆ తర్వాత చదువుకని వచ్చాడు. మాకంటే ఐదేళ్ళు పెద్ద కాబట్టి ముగ్గురికీ ఆయన అన్న. ఆయన భార్య అక్కడ బడిలో టీచరు. ఈయన చదువు పూర్తై ఉద్యోగం దొరకగానే ఇక్కడికి రావాలని అప్పటికే జర్మన్ నేర్చుకుంటోంది. రోజూ వీడియో కాల్‌లో వేళ ఏదైనా "గూటెన్ మోర్గెన్", శుభోదయం, అని మొదలుపెట్టేది. ఈయన సిగ్గుపడి స్పీకరు తగ్గించుకునేవాడు.

ఆదివారం ఆ ఊళ్ళో ఏముంటుంది? దుకాణాలు మూసేస్తారు. వాక్యూమ్ క్లీనరు వేస్తే కిందింటి ముసలావిడ కర్రతో పైకప్పు మీద కొడుతుంది. ఖాళీ సీసా చెత్తలో వేసి చప్పుడు చేసినా తప్పే. అందుకని భోజనాలయ్యాక పేకముక్కలు తీసేవాళ్ళం. మొదట్లో రమ్మీ. తర్వాత నేనే పోకర్ నేర్పించాను. ఇంజినీరింగ్ హాస్టల్లో ఫోన్‌లో ఉత్తుత్తి చిప్స్‌తో ఆడి ఆడి, నేనో పెద్ద మొనగాణ్ణని నాకో నమ్మకం.

డబ్బు పెట్టి ఆడదామంటే అన్న ఒప్పుకోలేదు. "పైసలు పెడితె నేను రాను. దోస్తుల నడుమ పైసలొద్దు" అన్నాడు. అయితే వంట పెడదామన్నాను నేను. ఫ్రిజ్ తలుపు మీద ఒక పుట్స్‌ప్లాన్ ఉండేది. ఎవరి వారం వంట, ఎవరి వారం బాత్రూం అని గళ్ళు గీసిన కాగితం. దాన్ని పీకేసి, ఆదివారం ఆటలో ఎవరి దగ్గర శనగలు తక్కువ మిగులుతాయో వాళ్ళే ఆ వారమంతా నలుగురికీ వండాలి, గిన్నెలు కూడా తోమాలి అని రూలు పెట్టాను. ఇది నా ఆలోచన. ఇందులో ఇంకెవరికీ వాటా లేదు.

ఆట తెలియనివాళ్ళ కోసం చెప్తాను. మనిషికి రెండు ముక్కలు మూసి పంచుతారు. మధ్యలో అందరికీ ఉమ్మడిగా ఐదు ముక్కలు తెరిచి వేస్తారు, మొదట మూడు, తర్వాత ఒకటి, ఆఖర్న ఒకటి. ప్రతిసారీ పందెం కాయవచ్చు. ఎదుటివాడు కాసినంతా తానూ కాసి ఆటలో ఉండటాన్ని కాల్ అంటారు. నచ్చకపోతే ముక్కలు పడేసి తప్పుకోవచ్చు. చేతిలో ఏమీ లేకపోయినా భారీగా కాసి ఎదుటివాణ్ణి బెదరగొట్టి పంపేయడం ఈ ఆటలో పెద్ద విద్య అని నేను విన్నాను.

మా ఫ్లాటులో ఎవడూ బెదరడు! బెదరాలంటే లెక్క తెలియాలి కదా. నేను చెత్త ముక్కలతో ఇరవై శనగలు కాస్తే, ముగ్గురూ ఏ మొహమాటమూ లేకుండా ఇరవై చొప్పున తోసేవాళ్ళు. ఆఖరికి ఎవడో ఒకడు రెండు ఐదులు చూపించి నా శనగలన్నీ ఊడ్చుకుపోయేవాడు. మూడు వారాలు వరసగా నాదే వంట. నా పప్పు రుచి చూసి కాకినాడ వాళ్ళలో ఒకడు "ఆయ్, ఇది పప్పాండీ, గోడకేసే సున్నమాండీ" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

వాళ్ళు అలా ఎందుకు ఆడేవాళ్ళో నాకు తర్వాత అర్థమైంది. మనవాళ్ళంతా పెళ్ళి పందిళ్ళలో చాప మీద రమ్మీ ఆడి పెరిగినవాళ్ళు. రమ్మీలో డ్రాప్ అంటే పాయింట్లు మీద పడతాయి, పైగా పక్కన కూర్చుని మిగతావాళ్ళ ఆట చూస్తుండాలి. అందుకని మనవాడెవడూ అంత తేలిగ్గా డ్రాప్ చేయడు. ఆ అలవాటునే పోకర్‌లోకి మోసుకొచ్చారు. ఇక్కడ తప్పుకుంటే జరిమానా ఏమీ లేదని మొదటి రోజు నేను చెప్పాను, వాళ్ళ చెవికెక్కలేదు. చెవికెక్కకపోవడం వల్ల నాకు లాభమని తెలిశాక మళ్ళీ చెప్పలేదు.

అందరిలోకీ అన్న మరీను. ఏ ముక్కలొచ్చినా ఆయన ఆటలో ఉండాల్సిందే. "పోనీ, చూద్దాం" అనేవాడు. రెండూ ఏడూ వచ్చినా పోనీ, చూద్దాం. "తీసి పారేస్తే మజా ఏముందిరా, గోడ జూస్కుంట కూసోవాల్నా?" అనేవాడు.

నాలుగో వారం నేను క్లాసులో వెనక బెంచీలో కూర్చుని, అందరూ కాల్ చేసే బల్ల దగ్గర ఎలా ఆడాలో ఫోన్‌లో చదివాను. చదివితే తేలిందేమిటంటే, ఇలాంటి చోట బెదిరింపులు మానేయాలి. పది పంపకాల్లో ఎనిమిది నోరు మూసుకుని పారేయాలి. మంచి ముక్క రాగానే దాచిపెట్టి నాటకాలాడకుండా వెంటనే భారీగా కాయాలి, ఎందుకంటే వాళ్ళు ఎలాగూ కాల్ చేస్తారు. ముగ్గురు నలుగురు ఆటలో ఉంటే ఒక్క జత నిలబడదు కాబట్టి, ఒకే రంగు ముక్కలు వస్తే తక్కువలో తక్కువ కాసి, అదే రంగువి మొత్తం ఐదు పడతాయేమో చూడాలి. అంతే. తెలివితేటలేమీ అక్కర్లేదు, ఓపికుంటే చాలు.

ఆ ఆదివారం నుంచి నేను వంటింటి మొహం చూడలేదు.

ఎక్కువ వారాలు ఓడింది అన్నే. కాకినాడ వాళ్ళు అప్పుడప్పుడూ ఓడేవాళ్ళు గానీ, వాళ్ళకు ఏదో ఒక అదృష్టం పట్టి బయటపడేవాళ్ళు. అన్న బాగా వండేవాడు, అదొక దరిద్రం. ఆయన పచ్చిపులుసు, కోడికూర తినడం మొదలయ్యాక, ఆయన ఓడితే బాగుండునని మేం ముగ్గురం పైకి అనకుండా అనుకునేవాళ్ళం. క్లాసు నుంచి రాగానే కూరగాయలు తరిగి, వండి, తినిపించి, గిన్నెలు తోమేసరికి ఆయనకు మూడు గంటలు పట్టేది.

డిసెంబరులో ఒకరోజు నేనూ అన్నా ఖాళీ సీసాల సంచులు మోసుకుని సూపర్ మార్కెట్‌కి వెళ్ళాం. ఖాళీ సీసాలకు డబ్బు తిరిగిచ్చే ఫాండ్ మెషీన్‌లో ఒక్కొక్క సీసా వేస్తూ, నా వైపు చూడకుండా చెప్పాడు.

"ఆ కంట్రోల్స్ పేపరు రెండుసార్లు పోయిందిరా. ఇంకొక్క చాన్సే ఉంది. ఫిబ్రవరిల. అది గూడ పోతె ఇగ అంతే, యూనివర్సిటీకెల్లి పేరు కొట్టేస్తరు. వేరే ఊర్ల గూడ ఈ కోర్సుల చేరనియ్యరు."

 "వాళ్ళిద్దరికీ తెలుసా అన్నా?" అన్నాను.

"నీకొక్కనికే జెప్పిన. వాళ్ళకు జెప్పకు. జాలి పడితె నాకు మంచిగనిపియ్యది. నువ్వు అది ఒకటే దెబ్బకు పాసైనవ్ గద, జర రోజొక గంట నాకు జెప్పరాదు?"

"అయ్యో, తప్పకుండా అన్నా" అన్నాను. ఆ మాట అన్నప్పుడు మనస్ఫూర్తిగానే అన్నాను. కానీ జరిగింది వేరు. ఆయన వంట ముగించేదాకా నేను ఆగాలి. తిన్నాక ఆయన గిన్నెల దగ్గర ఉండేవాడు. అవి అయ్యేసరికి నేను ఫోన్ పట్టుకుని మంచం మీద వాలిపోయేవాణ్ణి. "రేపు కూర్చుందాం అన్నా" అనేవాణ్ణి. ఆయన "సరే తియ్" అనేవాడు. రెండు నెలల్లో నేను చెప్పింది మహా అయితే ఐదు గంటలు. నాకు టైము లేక కాదు. ఆయనకు లేకుండా చేసిన టైమంతా నా దగ్గరే ఉంది.

ఆటలోంచి ఆయనే తప్పుకోవచ్చు కదా అని మీరు అడగవచ్చు. నేనూ ఒకసారి అడిగాను. "తప్పుకుంటె ఎందుకని అడుగుతరు. ఏం జెప్పాలె?" అన్నాడు. మరి నేను ఏమైనా అనొచ్చు కదా. పాత పుట్స్‌ప్లానే బాగుందిరా, మళ్ళీ అంటిద్దాం అని ఒక్క మాట. నాకా మాట తట్టలేదని అబద్ధం చెప్పను. తట్టింది. చాలాసార్లు నాలిక చివరిదాకా వచ్చింది. రెండు నెలలుగా గరిటె పట్టని సుఖం దాన్ని వెనక్కి మింగించింది. సిగ్గులేని జన్మ.

ఫిబ్రవరి వచ్చింది. గురువారం పరీక్ష. అంతకుముందు ఆదివారం పొద్దున నేను స్నానం చేస్తూ ఒట్టు పెట్టుకున్నాను. ఈ రోజు నేనే ఓడతాను. ఈ వారం నేనే వండుతాను. పనిలో పనిగా రోజూ ఆయన పక్కన కూర్చుని లెక్కలు చేయిస్తాను. ఆ ఒట్టు పెట్టుకున్నాక నా మీద నాకే ఎంత ముచ్చటేసిందో! తల తుడుచుకుంటూ అద్దంలో చూసుకుని నవ్వుకున్నాను కూడా.

మధ్యాహ్నం ఆట మొదలైంది. నాకు వచ్చినవి వచ్చినట్టు పారేశాను. ఒకసారి రెండు తొమ్మిదులొస్తే అవీ పారేశాను. ప్రతి పంపకానికీ ముందుగా అందరూ వేసే ఒక్కో శనగ చొప్పున నా కుప్ప తరిగిపోతోంది.

"ఏందిరా, ఇయ్యాల నీకు ముక్కలే వస్తలేవా?" అన్నాడు అన్న.

"ఏమో అన్నా, టైము బాలేదు" అన్నాను.

ఆయన నా మొహంలోకి ఒక క్షణం ఎక్కువసేపు చూశాడు. తర్వాత తన ముక్కలు సర్దుకున్నాడు.

నాలుగింటికి ఆట ఆపేయడం మా రివాజు. ఆఖరి పంపకానికి తలా ఒక శనగ మధ్యలో వేశాక, మిగిలినవి అందరం లెక్కపెట్టుకున్నాం. కాకినాడ వాళ్ళ ముందు గుట్టలున్నాయి. అన్న దగ్గర ఇరవై ఏడు. నా దగ్గర ఇరవై ఒకటి. అందరికంటే తక్కువ నావే. ఇంక నేను చేయాల్సింది ఒక్కటే, ఆ ఆఖరి రెండు ముక్కలు చూడకుండా పారేసి లేచి పొయ్యి మీద అన్నం పెట్టడం.

చూశాను. రెండు రాజులు. ఒకటి ఇస్పేటు, ఒకటి ఆఠీను.

పొద్దున్నుంచీ చెత్త పారేసి పారేసి ఉన్నాను. తలెత్తి అన్న వైపు చూశాను. ఆయన అప్పటికే నా వైపు చూస్తున్నాడు. పారేయాలని నాకు తెలుసు. గురువారం గుర్తుంది. ఫాండ్ మెషీన్ గుర్తుంది. అయినా లోపల ఒక గొంతు, మంచి ముక్క రాగానే కాయాలి, వీళ్ళు ఎలాగూ కాల్ చేస్తారు అని పాఠం అప్పజెప్పడం మొదలుపెట్టింది. నా చెయ్యి ఇరవై ఒక్క శనగల్నీ మధ్యలోకి తోసేసింది. చెయ్యి తోసిందని రాయడం కూడా దొంగమాటే. నేనే తోశాను.

"ఓరి బాబోయ్, వీడికేదో తగిలిందిరోయ్" అని కాకినాడ వాళ్ళిద్దరూ ముక్కలు పడేశారు. మూడు నెలల్లో వాళ్ళు అలా భయపడటం అదే మొదలు. ఇక మిగిలింది అన్న. ఆయన కూడా పారేస్తే చాలు, ఏ గొడవా లేదు. మధ్యలో ఉన్న నాలుగు శనగలు కలిసినా నావి ఇరవై ఐదే, ఓడినవాణ్ణి నేనే అవుతాను. పారెయ్ అన్నా, పారెయ్ అని లోపల మొక్కుకున్నాను. నేను చేయలేని పని ఆయన చేయాలని నా కోరిక.

ఎప్పుడూ ఆలోచించని మనిషి ఆ రోజు కాసేపు ఆలోచించాడు. తర్వాత చిన్నగా నవ్వాడు. "పోనీ" అని ఇరవై ఒకటి లెక్కపెట్టి తోశాడు. "చూద్దాం" అనలేదు. ముక్కలు తెరిచాడు. ఎనిమిదీ, మూడూ. రంగులు కూడా వేరు.

నా రాజులు చూడగానే ఆయన నవ్వు ఆగిపోయింది. మధ్యలో ఐదు ముక్కలు పడ్డాయి, ఒక్కటీ ఆయనకు పనికిరాలేదు. ఆయన ముందు ఆరంటే ఆరు శనగలు మిగిలాయి. కాకినాడ వాళ్ళు ఈలలు వేశారు. అన్న ముక్కలన్నీ కలిపి, పెట్టెలో పెట్టి, "మంచిగాడినవ్" అన్నాడు నాతో. లేచి నిలబడి, "టమాట పప్పు జేస్త, చాలా?" అని అడిగాడు.

ఆ వారమంతా ఆయనే వండాడు. పొయ్యి పక్కన పలకల మీద టేపుతో ఒక ఫార్ములాల కాగితం అంటించుకున్నాడు. కూర కలుపుతూ దాన్ని చూసి పెదాలు కదిపేవాడు. ఆవిరికి ఆ కాగితం అంచులు ముడుచుకుపోయాయి. బుధవారం సాయంత్రం నేను ఉండబట్టలేక వంటింట్లోకి వెళ్ళాను.

"అన్నా, నువ్వెళ్ళి చదువుకో. ఇవాళ నేను చేస్తాను."

"ఆటంటే ఆట. పోరా" అన్నాడు వెనక్కి తిరక్కుండానే.

రెండోసారి అడగలేదు. ఆయన వద్దనగానే, ఆహా, నేను అడిగాను కదా అని నా గుండె తేలికపడింది. నా జీవితంలో నేను చేసిన నీచమైన పనుల్లో ఆ తేలికపడటాన్నే మొదట రాసుకుంటాను.

మూడు వారాలకు ఫలితం వచ్చింది. బియ్యం కడుగుతున్న చేత్తోనే ఫోన్ నాకు చూపించాడు. ఐదు. మా దగ్గర ఐదంటే ఫెయిలు. "అయిపోయిందిరా" అని, ఫోన్ పక్కన పెట్టి, బియ్యం రెండోసారి కడిగి పొయ్యి మీద పెట్టాడు. ఆ వారం కూడా ఆయనే ఓడి ఉన్నాడు. ఆ రాత్రి ఆయన గదిలోంచి "గూటెన్ మోర్గెన్" వినబడలేదు.

తర్వాత యూనివర్సిటీ నుంచి కాగితం వచ్చింది. వీసా ఆఫీసులో టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, తీసుకుని వెళ్ళాడు, నేనూ వెంట వెళ్ళాను. ఇంకేదైనా కోర్సు, ఇంకేదైనా ఊరు అని నెలంతా తిరిగాడు. ఏదీ కుదరలేదు. ఆఖరికి టికెట్ కొనుక్కున్నాడు. అప్పుడు తెలిసింది కాకినాడ వాళ్ళకు అసలు సంగతి. "మాకు ముందే చెప్పుంటే ఎదవ ఆట మానేసుందుం కదండీ అన్నా" అని ఒకడు ఏడ్చేశాడు. నేను గోడ వైపు చూస్తూ నిలబడ్డాను. చెప్పాల్సినవాడికి ఆయన చెప్పాడని వాళ్ళకు తెలియదు.

ఆయన వంట చేయడం వల్లే ఫెయిలయ్యాడా? ఆ గంటలు చదివి ఉంటే పాసయ్యేవాడా? ఏమో. ఎన్నిసార్లు వేసినా ఆ లెక్క తేలదు. తేలదు కాబట్టే నన్ను వదలదు. కొన్నాళ్ళు నేనొక సాకు పట్టుకుని వేలాడాను. ఎనిమిదీ మూడూ పెట్టుకుని ఎవడైనా కాల్ చేస్తాడా? పారేసి ఉంటే ఆ వారం వంట నాదయ్యేది కదా? ఆయన తప్పు కాదూ?

బెర్లిన్ విమానాశ్రయానికి వెళ్ళే ట్రైనులో ఆ సాకు కూడా పోయింది. నేను సాగనంపడానికి వెళ్ళాను. ఎదురెదురుగా కూర్చున్నాం, మధ్యలో ఆయన పెట్టెలు. చాలాసేపు కిటికీలోంచి పైన్ చెట్లు చూశాక నేనే అడిగాను.

"అన్నా, ఆ రోజు ఎనిమిదీ మూడూ పెట్టుకుని ఎందుకు కాల్ చేశావు?"

ఆయన పక్కకు జరిగిన పెట్టెను సరిగ్గా పెట్టి చెప్పాడు.

"పొద్దుగాల్నుంచి నువ్వు మంచి ముక్కలు గూడ పారేస్తున్నవని నాకు అర్థమైందిరా. నా కోసం ఓడిపోతున్నవని. ఆఖరిల అన్ని ముందటికి నూకినవ్ చూడు, నా దిక్కు ఒకసారి చూసి. ఏం లేకున్న పెట్టినవనుకున్న. ఇవి గూడ నాకే ఇస్తున్నవనుకున్న. నువ్వు ఇస్తుంటె నేను తీస్కోకపోతె నువ్వు చిన్నబోతవని…"

అక్కడ ఆపేశాడు. 

"నిజంగానే ఓడిపోదామనుకున్నాను అన్నా. ఒట్టు. పొద్దున్నే అనుకున్నాను."

"ఎరుకేరా" అన్నాడు. "నాలుగింటి దాక అట్లనే ఆడినవ్ గద."

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే ఈపాటికి నేను మర్చిపోయేవాణ్ణేమో. సంచిలోంచి రెండు డబ్బాలు తీశాడు. ప్రయాణానికని పొద్దున్నే లేచి పులిహోర చేశాడట. ఒక డబ్బా తన ఒళ్ళో పెట్టుకుని, రెండోది నా చేతిలో పెట్టాడు.

"తిను. మళ్ల వాపస్ పొయ్యేసరికి ఆకలైతది" అన్నాడు.

వద్దనాలనుకున్నాను. మూత తీశాను. ఆ పూట కూడా ఆయన వండిందే తిన్నాను.